ఈ ఇంట్లో ఫారిన్ వాళ్ళెవరూ లేరు

మా ఇంట్లో విదేశీయురాలిని నేనే. చూసినవాళ్ళెవరూ నమ్మరు. చెన్నైలో, మాధవరం పాల కాలనీ వెనక వీధిలో పొద్దున్నే వాకిలి కడిగి ముగ్గేసి, నైటీ మీద తువ్వాలు కప్పుకుని, చింతపండు ధర ఎంత పెరిగిందో ఎదురింటావిడతో మాట్లాడుతూ నిలబడే మనిషిని పట్టుకుని విదేశీయురాలంటే నవ్వుతారు. కానీ నా పాస్‌పోర్టు మలేషియాది. మా ముత్తాత రబ్బరు తోటల్లో పనికని ఓడెక్కాడు. ఆయన తర్వాత అందరం అక్కడే పుట్టాం, అక్కడే తెలుగు నేర్చుకున్నాం. మా ఆయనది ఎన్నూరు పోర్టులో ఉద్యోగం. కంపెనీ పని మీద మా దేశం వచ్చినప్పుడు, ఉగాది నాడు తెలుగు సంఘం భోజనాల్లో నా పక్క విస్తరి ముందు కూర్చున్నాడు. ఆ కూర్చోవడం నన్ను మాధవరం దాకా తెచ్చింది.

ఈ దేశంలో నేనుండటానికి ఉన్న ఆధారం ఒక్కటే, ఆయన భార్యను కావడం. పెళ్ళయి రెండేళ్ళు నిండితే ఇంకో రకం కార్డుకి పెట్టుకోవచ్చు, అది వస్తే బాధ ఉండదు. ఈలోగా వీసా పొడిగించుకోవాలి. పొడిగింపు రాకపోతే దేశం విడిచి వెళ్ళాలి. "పోయి కొత్త వీసాతో మళ్ళీ వస్తే సరి" అని చుట్టాలు తేలిగ్గా అనేవాళ్ళు. నాకూ మా ఆయనకూ మాత్రం తెలుసు, ఆ రోజుల్లో నేను విమానమెక్కితే మళ్ళీ రాను. కాపురం అంతటితో సరి. ఈ మాట మేము ఒకరితో ఒకరం అనుకోలేదు. అనుకోవడానికి అసలు మాట్లాడుకుంటే కదా.

అంతకు కొన్నాళ్ళ ముందే నాకు ఆరో నెలలో కడుపు పోయింది. ఆసుపత్రిలో నాకింకా మత్తు దిగకముందే మా ఆయనా, ఆయన మేనమామా తెల్లగుడ్డలో చుట్టి తీసుకుపోయి, ఊరి శ్మశానంలో పసిపిల్లల్ని పూడ్చే మూలన పెట్టి వచ్చారు. ఆడవాళ్ళు అక్కడికి వెళ్ళకూడదట. నేను ఏమీ అడగలేదు, వాళ్ళు ఏమీ చెప్పలేదు. సీమంతానికని అత్తమ్మ సౌకార్‌పేటకు వెళ్ళి బేరమాడి తెచ్చిన గాజులు ఒక పెట్టెడు ఉండిపోయాయి. కొట్టువాడు వాపసు తీసుకోనన్నాడు. ఆవిడ వాటిని వీధిలో ఆడపిల్లలందరికీ పంచేసింది. చాలా రోజులపాటు మా వీధిలో ఏ పిల్ల చెయ్యి ఊపినా ఆ గాజులే గలగలమనేవి. అవి వింటే నాకు ఏడుపు రావాలని అందరూ ఎదురుచూసినట్టుండేది. రాలేదు.

బాధ అని రాయాలనే ఉంది కానీ అది బాధ కాదు. పళ్ళ డాక్టరు సూది వేశాక బుగ్గ ఉంటుంది చూడండి. బుగ్గ మనదే, కొరుక్కున్నా తెలియదు. నేను మొత్తంగా అలా ఉన్నాను. వండేదాన్ని, తినేదాన్ని, కుక్కర్ విజిల్స్ లెక్కపెట్టేదాన్ని. మా ఆయన పోర్టు నుంచి లారీల దుమ్ము కొట్టుకుని వచ్చి "తిన్నావా?" అనేవాడు. "తిన్నా" అనేదాన్ని. తినకపోయినా అదే జవాబు. ఆయనా రెండో ప్రశ్న వేసేవాడు కాదు.

ఇలా ఉండగా పొడిగింపుకి పెట్టాల్సిన రోజు వచ్చింది.

మొదటి చిక్కు పెళ్ళినాటిది. మా దేశంలో మనవాళ్ళ పేర్లకి ఒక తమాషా ఉంటుంది. ఆడపిల్ల పేరు రాసి, తర్వాత ఏ, ఒక ఏటవాలు గీత, పి అని రాసి, అప్పుడు తండ్రి పేరు రాస్తారు. మలయ్ భాషలో ఫలానా ఆయన అమ్మాయి అని దాని అర్థం. పాస్‌పోర్టులోనూ అలాగే ఉంటుంది. పెళ్ళి రిజిస్టర్ చేయించడానికి వెళ్ళిన రోజున, ఆఫీసు బయట టైపు కొట్టే పెద్దాయన నా పాస్‌పోర్టు తిరగేసి, ఏ గీత పి చూసి, "ఓ, ఆంధ్రప్రదేశా!" అని సంబరపడి స్వస్థలం దగ్గర అదే కొట్టేశాడు. తెలుగు మాట్లాడే పెళ్ళికూతురికి ఏ.పి. ఇంకేమవుతుంది మరి? మేము చూసుకోకుండా సంతకాలు పెట్టాం. తీరా సర్టిఫికెట్ చేతికొచ్చాక చూసి అందరం పగలబడి నవ్వాం. అత్తమ్మ అయితే సంతోషించింది కూడా. మలేషియా కోడలంటే ఇరుగుపొరుగువాళ్ళు వంద ఆరాలు తీస్తారు. ఆంధ్రా కోడలంటే ఎవరికీ ఏ అనుమానమూ రాదు. మాధవరం బస్టాండులో ఎక్కితే నెల్లూరు ఎంతసేపు! కాలనీలో అందరికీ ఆవిడ ఆంధ్రా అనే చెప్పింది. "బస్సు దగ్గరే గదా, పుట్టింటికి పోయిరాకూడదా?" అని ఎదురింటావిడ నన్ను ఎన్నిసార్లు అడిగిందో.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఆ టైపు పెద్దాయన పుణ్యమా అని సర్టిఫికెట్‌లో పెళ్ళికూతురూ పాస్‌పోర్టులో మనిషీ ఒకరేనని అఫిడవిట్ చేయించి జతచేశాం. భర్త ఉత్తరం కూడా ఒకటి కావాలి. మా ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని, మేమిద్దరమూ ఒకే ఇంట్లో భార్యాభర్తలుగా కాపురం చేస్తున్నాము అని టైపు చేసి నన్ను చదవమన్నాడు. చదివాను.

"తప్పులేమన్నా ఉన్నాయా?" అన్నాడు.

"లేవు" అన్నాను.

ఇద్దరం కలిసి దిగిన ఫోటో పెట్టాలంటే స్టూడియోకి వెళ్ళాం. ఫోటోగ్రాఫర్ "ఇంకొంచెం దగ్గరికి, ఇంకొంచెం" అంటూనే ఉన్నాడు. జరిగాం. ఫోటో బాగానే వచ్చింది.

అన్నీ ఆన్‌లైన్‌లో పంపాక, పోలీసులు ఇంటికొచ్చి విచారిస్తారని తెలుసు. అత్తమ్మకు ఆ సంగతి చెప్పాలని మా ఇద్దరికీ తట్టలేదు. ఒక మధ్యాహ్నం నేను మేడ మీద ఎండుమిరపకాయలు తిరగేస్తుంటే మా వాకిలి ముందునుంచి పోలీసు బండి పోవడం కనిపించింది. ఎందుకు వచ్చిందని కిందికి దిగాక కూడా అడగలేదు. అప్పట్లో నాకు ఏ సంగతి మీదా ఆరా ఉండేది కాదు. తర్వాతి వారం మెయిల్ వచ్చింది. ఆ చిరునామాలో విదేశీయులెవరూ నివసించడం లేదని విచారణలో తేలింది, దరఖాస్తు ఎందుకు తిరస్కరించకూడదో భర్తతోనూ అత్తగారితోనూ సహా వచ్చి చెప్పుకోండి, అని.

మా ఆయన ఫోను పట్టుకుని వంటింట్లోకి వెళ్ళాడు.

"అమా, పోలీసాయన వచ్చినాడా ఈడికి?"

"వచ్చినాడే, పోయిన వారం. మంచి మనిషి."

"ఏమడిగినాడు?"

"మీ ఇంట్లో ఫారిన్ వాళ్ళు ఎవురైనా ఉండారా అన్నాడు. అదెల్లాం ఎవురూ లేరు సార్, నేనుండా, నా కొడుకుండాడు, కోడలుండాది, అంతేదా అన్నా. కోడలిది ఏ ఊరన్నాడు. ఆంధ్రా అన్నా. కాఫీ తాగి పోయినాడు."

"అయ్యో అమా! ఆయన వచ్చిందే దీని కోసం!"

"ఏందిరా అరుస్తావు? పోలీసోడు వాకిట్లోకొచ్చి ఫారిన్ వాళ్ళుండారా అంటే, బుద్ధి ఉండేవాళ్ళు ఎవురైనా ఉండారని చెప్తారా? అయినా కోడలు ఫారిన్ ఎట్టవుతుంది? ఇది మనింటి మనిషి కాదా?"

మామూలప్పుడైతే నేను పడీపడీ నవ్వి, ఆవిడ మెడ చుట్టూ చేతులు వేసేదాన్ని. అప్పుడు మాత్రం పొయ్యి మీద చారు పొంగుతుంటే మంట తగ్గించాను. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారు కదా, నాకు ఆ పోటు కూడా తెలియలేదు. మా ఆయన నా వైపు తిరిగి "ఒకవేళ రాకపోతే..." అని ఆగాడు.

"రాకపోతే వెళ్తాను" అన్నాను.

ఆయన ఏదో అనబోయి, ఫోను జేబులో పెట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు. వెళ్ళొద్దు అంటాడేమోనని ఒక్క క్షణం చూశాను. ఆ చూడటం మాత్రం గుర్తుంది.

వీసా ఆఫీసుకి అత్తమ్మ పట్టుచీర కట్టుకుని వచ్చింది. గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన నన్ను ఆపి, ఇది ఫారిన్ వాళ్ళు పోయే దారమ్మా, తోడొచ్చినవాళ్ళు అవతల కూర్చోండి అన్నాడు అరవంలో. పాస్‌పోర్టు చూపించాక దాన్నీ నన్నూ మార్చిమార్చి చూశాడు. లోపల హాలు నిండా రకరకాల దేశాలవాళ్ళు. అత్తమ్మ వాళ్ళనంతా చూసి, "పాపం, ఎంతెంత దూరాలనించి వచ్చినారో, ఎవురున్నారో వీళ్ళకి ఈడ" అని నాతోనే అంది, నేను వాళ్ళలో దాన్ని కానట్టు.

పిలిచిన ఆఫీసరు కుర్రవాడు, ఉత్తరాది మనిషి. మర్యాదగానే ఉన్నాడు. మా ఆయన ఇంగ్లీషులో మొదలుపెట్టగానే ఆపి, పోలీసులకి చెప్పింది ఈవిడే కదా, ఈవిడనే చెప్పనివ్వండి అన్నాడు. అత్తమ్మ లేచి నిలబడి అరవంలో అందుకుంది. ఆయన తల అడ్డంగా ఊపాడు, రాదని. అరవం రానివాడికి తెలుగు వస్తుందనుకుందో ఏమో, ఆవిడ వెంటనే తెలుగులోకి దిగింది.

"సార్, ఆ పొద్దు తప్పు చెప్పినాను. ఇది మన దేశం మనిషి కాదు సార్. మలేషియా. ఫారినే." దొంగసొత్తు ఇంట్లో దాచినట్టు తలొంచుకుని ఒప్పుకుంది. తర్వాత తలెత్తింది. "అయితే దీని పాపని ఈడ మట్టిలో పెట్టినాం సార్. మా మాధవరంలోనే. ఇంక దీన్ని యాడికి పంపిస్తారు?"

ఆఫీసరు నా వైపు చూశాడు. "ఏమంటున్నారు ఈవిడ?"

మొదటి మాట తేలిగ్గానే ఇంగ్లీషులో చెప్పాను. నేను విదేశీయురాలినని ఒప్పుకుంటున్నారు అన్నాను. రెండో మాట దగ్గర ఆగిపోయాను. అరవంలో పాప అంటే పసిగుడ్డు, ఆడైనా మగైనా. తెలుగులో పాప అంటే ఆడపిల్ల. మా ఇంట్లో ఒకే వాక్యంలో రెండు భాషలూ నడుస్తాయి. ఆవిడ అన్నది ఏ పాప? అప్పటిదాకా ఆడో మగో నేను అడగనే లేదు. ఆసుపత్రిలో అడిగే తెలివి లేదు, ఇంటికొచ్చాక ఎవరి ముఖం చూసి అడగాలో తెలియలేదు.

"పాప అంటే?" అన్నాను అత్తమ్మతో.

"పాప అంటే పాపేమ్మా."

"ఆడపిల్లా?"

ఆవిడ కొడుకు వైపు చూసింది. ఆయన నేల చూపులు చూస్తున్నాడు.

"ఆడపిల్లేమ్మా" అంది. "నేను ఎత్తుకున్నా గదా. ముక్కు నీదే."

నేను ఆఫీసరు వైపు తిరిగాను. మా కూతుర్ని ఇక్కడే పూడ్చారు, కోడల్ని ఎక్కడికి పంపిస్తారని అడుగుతున్నారు, అన్నాను. మా కూతురు అనే మాట నా నోటి నుంచి మొదటిసారి వచ్చింది అప్పుడే. అదీ ఇంగ్లీషులో, ముక్కూమొహం తెలియని మనిషితో. ఆయన కాసేపు కాగితాలు అటూఇటూ సర్దాడు. పోలీసు రిపోర్టు మళ్ళీ తెప్పించుకుంటాను, పెద్దావిడను మళ్ళీ తీసుకురానక్కర్లేదు అన్నాడు.

పొడిగింపు వచ్చింది, అది తర్వాతి సంగతి. ఆ రోజు మెట్లు దిగుతుండగా మా ఆయన అన్నాడు, "నీకు తెలుసనే అనుకున్నా."

"ఎవరు చెప్పారని తెలుస్తుంది?"

"డాక్టరు చెప్పిందనుకున్నా. నువ్వు ఆ ఊసే ఎత్తకపోతే, నా నోటితో ఎట్ట చెప్పేది నేను?" అని మెట్టు మీద కూలబడ్డాడు. అన్ని నెలలూ తనొక్కడే ఆ పిల్లను మోశాడని నాకు అప్పుడు అర్థమైంది. పక్కనే కూర్చున్నాను. ఏడుపు వచ్చింది. ఆగితే బాగుండునని కూడా అనిపించలేదు. అత్తమ్మ మా ఇద్దరి వెనకా నిలబడి, పట్టుచీర కొంగుతో మాకు ఎండ పడకుండా అడ్డం పట్టింది.

మెట్లెక్కి వస్తున్న ఒకమ్మాయి, ఏ దేశమో తెలియదు, ఫైలు చంకలో పెట్టుకుని మా దగ్గర ఆగింది. సంచిలోంచి కాగితం రుమాలు తీసి నాకిచ్చింది. భయపడకండి, నాకూ మొదట లేదన్నారు, తర్వాత ఇచ్చేశారు, మీకూ ఇస్తారు, అంది ఇంగ్లీషులో. నేను తలూపాను. రుమాలు రెండుగా చింపి సగం మా ఆయనకిచ్చాను.