నోటికి జానెడు దూరం

కర్పూరం వేసి కాచిన నువ్వుల నూనె వాసన తగిలితే నా కుడి మోచెయ్యి ఇప్పటికీ దానంతటదే డొక్కలోకి ముడుచుకుంటుంది. పోయిన నెల ఒక పొద్దున, అశోక్‌నగర్‌లోని మా ఫ్లాట్‌లో, సత్యం మామయ్య ఉండే గదిలోంచి ఆ వాసన వచ్చింది. చేతిలో పేపరు పక్కన పడేసి, అరవై ఆరేళ్లవాణ్ణి, పదకొండేళ్లవాడిలా చెయ్యి దాచుకుని కూర్చున్నాను. తెలివితక్కువ పనులు అందరూ చేస్తారు. నమ్మించి ఎవరో చెయ్యిచ్చారని వాపోయేవాళ్లూ చాలామందే ఉంటారు. నా చేతికి నేనే చెయ్యిచ్చుకున్న ఘనత మాత్రం నాది. అందులో ఇంకెవరికీ వాటా లేదు. ఉంటే గింటే కాస్త మామయ్యకుంది.

అది అరవైతొమ్మిది. ప్రత్యేక రాష్ట్రం కావాలని ఊరు ఉడికిపోతున్న ఏడు. బడులు మూతబడి నెలలైంది. తెనాలి నుంచి నాన్న ఆఫీసు వెంట వచ్చి చిక్కడపల్లి సందులో కిరాయికుంటున్న మాకు ఆ వేసవంతా చెవులే కళ్లు. నారాయణగూడ వైపు నుంచి నినాదాలు వినిపిస్తే అమ్మ కిటికీ రెక్కలు మూసేది, అవి దూరమైతే తీసేది, మళ్లీ దగ్గరైతే మూసేది. నాన్నకు ఎప్పుడూ క్యాంపులే కాబట్టి మూయడం, తీయడం, భయపడటం అన్నీ ఆవిడే చూసుకునేది. కాలిన టైరు కంపూ, పక్కింటి మల్లెపందిరి వాసనా ఒకే గాలిలో కలిసి వచ్చేవి. సగం దించిన షట్టర్ల కిందనుంచి ఒక చెయ్యి బయటికొచ్చి ఉల్లిపాయలు ఇచ్చి మళ్లీ లోపలికి పోయేది. సందులో పిల్లలమైన మాకు మాత్రం అవన్నీ సెలవులే. గోళీలూ బిళ్లంగోడూ విసుగెత్తాక, మూసేసిన బడి ప్రహరీగోడ మీద కళ్లు మూసుకుని నడిచే ఆట ఒకటి కనిపెట్టాం. బడి నడిచినన్నాళ్లూ ఏ క్లాసులోనూ ఫస్టు రాని నేను, గోడమీంచి పడటంలో వచ్చాను.

మోచెయ్యి విరిగింది. ఆసుపత్రిలో వేసిన పిండికట్టు నెలకి విప్పారు. విప్పాక చూస్తే లోపల చేతికి బదులు తలుపు కొక్కెం ఉంది. చాపితే పూర్తిగా చాపుకోదు, ముడిస్తే పూర్తిగా ముడుచుకోదు. అన్నం కలపగలను, ముద్ద చెయ్యగలను, ఎత్తగలను. ఎత్తిన ముద్ద నోటికి సరిగ్గా జానెడు దూరంలో ఆగిపోయేది.

అది కొత్తావకాయ కాలం. అమ్మ జాడీకి కట్టిన గుడ్డ విప్పగానే ఆవఘాటు వీధి గుమ్మందాకా వచ్చి పలకరించేది. వేడన్నంలో నూనె తేరిన ఆవకాయ ఎర్రగా కలుపుకుని, ముద్ద చేసుకుని, దాన్ని గాలిలో నిలబెట్టి చూస్తూ ఉండేవాణ్ణి. ఎడంచేత్తో తినడం మా ఇంటా వంటా లేదు. అంచేత పదకొండేళ్లొచ్చిన మగపిల్లాడికి అమ్మ తినిపించేది. ఎదురుగా మామయ్య, అంటే అమ్మ తమ్ముడు. ఇరవైనాలుగేళ్లు, కొత్తగా ఉద్యోగం దొరికి మా ఇంట్లోనే ఉండేవాడు. పొద్దున్నే డాబా మీద వంద దండీలు, వంద బస్కీలు తీసి, తన కండలు తనే తడిమి చూసుకుంటూ భోజనానికి కూర్చునేవాడు.

"ఏరా కొక్కెం, రేపు నీ పెళ్లిలో తలంబ్రాలు కూడా అక్క చేతే పోయిస్తావా?"

నోట్లో అన్నం ఉన్నందువల్ల ఏడవడం కుదిరేది కాదు. అందుకని నవ్వేవాణ్ణి.

ఆసుపత్రి డాక్టరు చెయ్యి అటూ ఇటూ చూసి, వానలు మొదలయ్యేలోపు అది నోటికి అందకపోతే మత్తిచ్చి వంచాల్సి వస్తుందన్నాడు. అలా వంచేటప్పుడు ఒక్కోసారి మళ్లీ విరగొచ్చని కూడా అన్నాడు. ఆ రెండో మాట అమ్మతో గొంతు తగ్గించి చెప్పాడు, కాని నా చెవులు విరగలేదు కదా. ఈలోపు అశోక్‌నగర్‌లో మల్లేశం సారు దగ్గరికి పొమ్మని చీటీ రాసిచ్చాడు.

మల్లేశం సారు మిలటరీ ఆసుపత్రిలో ఫిజియోథెరపీ చేసి రిటైరైన మనిషి. ఆ మాటకు అప్పట్లో ఎవరికీ నోరు తిరిగేది కాదు. కసరత్తు సారు అనేవాళ్లు. ఆయన పెంకుటింటి వరండాయే ఆసుపత్రి. దూలానికో గిలక, గిలక మీదుగా మంచపు నవారు, ఖాకీ ప్యాంటు గుడ్డతో కుట్టిన ఇసక సంచులు, కిరసనాయిలు స్టవ్వు మీద గిన్నెలో కరుగుతూ తెల్లటి మైనం. నారాయణగూడ ఫుట్‌బాల్ కుర్రాళ్లు వాచిన చీలమండలతో, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని కుంటుకుంటూ వచ్చేవారు. నా పక్క పీట బాలమ్మది. పాలమూరు నుంచి ఇళ్లు కట్టే పనికొచ్చి రాంనగర్ వైపు బస్తీలో ఉండేది. పైనుంచి చెక్క జారిపడి ఆమె భుజం పట్టేసింది. సిమెంటు తట్ట నెత్తికెత్తుకోగలిగితేనే ఆమెకు పని. నాకు నోరు, ఆమెకు నెత్తి. ఇద్దరి చేతులకీ చేరాల్సిన చోటొకటి ఉంది, చేరడం లేదు.

సారు పద్ధతి ఒక్కటే. వెచ్చటి మైనం చేతికి పొరలు పొరలుగా పూసి, కాసేపాగి అరటిపండు తొక్కలా ఒలిచేసి, "ఇగ నువ్వే వంచు" అనేవాడు. తను వంచేవాడు కాదు.

"ఎవ్వరు గుంజొద్దు, రుద్దొద్దు, బరువు మోయించొద్దు. పిల్లల మోచెయ్యి రుద్దితే లోపల కండ రాయి అయితది. నీ చెయ్యి నీ మాటనే ఇనాలె."

ఆ తర్వాత నన్ను వీపు గోడకానించి కూర్చోబెట్టి, నా కుడి పిడికిలికీ పెదవికీ మధ్య నా ఎడంచేతి వేళ్లే అడ్డంగా పెట్టించి కొలిచేవాడు. మొదటిరోజు పన్నెండు వేళ్లు. ఇంట్లో రోజూ నేనే కొలుచుకుని నోటుబుక్కులో రాసుకురావాలి.

చిక్కడపల్లి నుంచి అశోక్‌నగర్ పది నిమిషాల నడక. ఆ వేసవిలో ఒక్కోరోజు గంట పట్టేది. రోడ్డు మీద రాళ్లు పడుతున్నాయంటే సందుల్లోంచి సందుల్లోకి తిరిగి పోయేవాళ్లం. "దారిలో నోరు విప్పకు, మన మాట పట్టేస్తారు" అని అమ్మ గుమ్మం దిగేముందే చెప్పేది. చెయ్యేమో నోటిదాకా రాదు, నోరేమో తెరవకూడదు. ఇద్దరూ అలిగిన చుట్టాల్లా ఎవరికి వారే ఉండేవారు.

రెండు వారాలకి పన్నెండు వేళ్లు తొమ్మిదయ్యాయి. మామయ్యకది ఆనలేదు.

"రోజుకో గింజ తింటే కడుపు నిండుద్దంట్రా? వారం తిరిగేసరికి నీ చెయ్యి నేను తిన్నగా చేసి పెడతా. అక్కకి చెప్పమాక."

ఆయన పేరు సత్యం. నాచేత మొదటి పెద్ద అబద్ధం ఆడించింది ఆయనే. పొద్దున్నే అమ్మ పాలకోసం పోయిన వేళ, డాబా మీద కర్పూరం నూనె గోరువెచ్చగా చేసి, మోచేతి గుంటలో బొటనవేళ్లు దిగేసి రుద్దేవాడు. ఆపైన నీళ్ల బకెట్ నా చేతికి తగిలించి డాబా చుట్టూ పది చుట్లు తిప్పేవాడు. అవతలి డాబాల మీద ఎండేసిన మిరపకాయలు, వడియాలు, వాటికి కాపలా కూర్చున్న ముసలమ్మలు, అన్నీ నా కళ్లనీళ్లలో అలుక్కుపోయేవి. "నొప్పి పోయేముందు అట్టాగే ఉంటది" అనేవాడు. నమ్మాను. అన్ని కండలున్న మనిషికి కండల సంగతి తెలియకపోవడమేమిటని నా లెక్క. మా ఊళ్లో అందరి లెక్కా అదే. బెణికినా విరిగినా ముందు రుద్దాల్సిందే, పట్టేసిన చేతికి బరువు కట్టాల్సిందే.

నాలుగో రోజుకి మోచెయ్యి ఇస్త్రీపెట్టెలా కాలింది. తొమ్మిది వేళ్లు పదయ్యాయి. పది అని రాస్తే సారు అడుగుతాడు, సారు అడిగితే మామయ్య బయటపడతాడు, అందరికీ తెలిశాక ఆసుపత్రి, మత్తు, మళ్లీ విరగడం. అందుకని ఎనిమిది అని రాశాను. మర్నాడు ఏడు. చెయ్యి నోటి దగ్గరికి రాకపోతే నోటినే చేతి దగ్గరికి పంపడం నేర్చుకున్నాను. సారు ముందు కూడా, ఆయన మైనం గిన్నె వైపు తిరిగిన క్షణంలో, మెడ తాబేలులా ముందుకు జార్చి వేళ్లు పెట్టేవాణ్ణి. నా చెయ్యి కాగితం మీద రోజురోజుకీ బాగుపడుతోంది. కాగితం బయట రాయవుతోంది. పొద్దున లేవగానే ముందు ఆకాశం చూసేవాణ్ణి, మబ్బు పట్టిందేమోనని.

బుక్కులో అయిదు అని రాసిన రోజు, మేం వరండా ఎక్కామో లేదో, రోడ్డు మీద పరుగులు వినిపించాయి. వెనకాలే లాఠీల చప్పుడు. సారు గేటుకి గొళ్లెం పెట్టి వచ్చాడు. ఫుట్‌బాల్ కుర్రాళ్లు ఆ రోజు ఒక్కడూ రాలేదు. అమ్మ మెట్టు మీద కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను వీపు గోడకానించి, ఎప్పటిలా మెడ జార్చాను. గిలక నవారు లాగుతున్న బాలమ్మ లాగడం ఆపింది.

"చెయ్యి నోటికాడికి రావాలె గని, నోరు చెయ్యికాడికి పోవుడేంది బిడ్డా? కోడి గింజలేరినట్టు."

సారు తన అరచెయ్యి నా నుదుటి మీద పెట్టి, తల గోడకి ఆనించి పట్టుకున్నాడు. "ఇప్పుడు వంచు" అన్నాడు. వంచాను. వేళ్లు పెట్టమన్నాడు. నాలుగు పెట్టాను, ఇంకో నాలుగు పెట్టాను, ఇంకా చోటుంది. పదకొండు. బయట ఎవరో గేటుకి గుద్దుకుని పరిగెత్తారు. అమ్మ అటు చూడలేదు, నన్నే చూస్తోంది. సారు వంగి నా మోచెయ్యి వాసన చూశాడు.

"ఎవరు రుద్దిండ్రు?"

"నేనే రుద్దుకున్నానండీ."

బాలమ్మ వచ్చి నా ఎడంచెయ్యి తీసుకుని వెలుతురులో తిప్పి చూసింది. "గోళ్లల్ల జిడ్డే లేదు సారూ. పోరడు ఎవర్నో ఎనకేసుకొస్తుండు."

మామయ్య పేరు చెప్పాను. బకెట్ సంగతీ చెప్పాను. సారు నోటుబుక్కు మూసి గూట్లో పెట్టేశాడు.

"ఇంకో పదిరోజులు గిట్లనే నడిస్తే చెయ్యి మన చేతుల్ల లేకుండె అమ్మా. పదిహేను రోజులు మెడకు గుడ్డ కట్టి అండ్ల పెట్టున్రి. ఎవ్వరు ముట్టొద్దు. మల్ల మొదటికెల్లి చేద్దాం."

"ఈలోపు వానలొచ్చేస్తే?" అంది అమ్మ.

"వానలు మన మాట ఇనయి గదమ్మా."

ఇంటికొచ్చాక అమ్మ మామయ్యకీ నాకూ వడ్డించి, ఆవకాయ ముద్ద చేసి నా చేతిలో పెట్టి తినమంది. ఎత్తాను. ఆగిపోయింది. "చూడు తమ్ముడూ, పదకొండు వేళ్లు" అంది. ముద్దకీ నా నోటికీ మధ్య ఉన్న ఆ గాలిని మామయ్య చాలాసేపు చూశాడు. కొక్కెం అన్న పిలుపు ఆ పూటతో పోయింది. పొద్దున డాబా మీద ఆయన బస్కీల చప్పుడూ కొన్నాళ్లు వినపడలేదు.

పదిహేను రోజుల తర్వాత మళ్లీ మైనం, మళ్లీ గిలక. ఈసారి సారు చెయ్యి నా నుదుటి మీదే ఉండేది. పది. తొమ్మిదిన్నర. ఎనిమిది. రోహిణి ఎండలకు వరండా పెంకులు చిటపటమనేవి. మంచినీళ్ల కూజా చుట్టూ తడిగుడ్డ చుట్టేవారు. మబ్బొక్కటి కనిపిస్తే నాకూ అమ్మకీ చెమటలు పట్టేవి. ఊరంతా వానకోసం ఎదురుచూస్తుంటే మేమిద్దరం వద్దని మొక్కేవాళ్లం. ఆరు. నాలుగు. మూడు దగ్గర నాలుగు రోజులు ఆగిపోయింది. మూడుండగానే మిరుగు, అదే మృగశిర కార్తె, వచ్చేసింది. ఎల్లుండి ఆసుపత్రికి రమ్మన్నారు.

ఆ మధ్యాహ్నం పెంకుల మీద మొదటి చినుకులు పడుతుంటే బాలమ్మ సద్దిమూట విప్పింది. జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ తొక్కు. సారు అందులో ఒక ముక్క తుంచి, తొక్కు అద్ది, నా వేళ్ల మధ్య పెట్టాడు. నుదుటి మీద అరచెయ్యి పెట్టాడు. చెయ్యి లేచింది. రెండు వేళ్ల దూరం. ఒక్క వేలి దూరం. అక్కడ నిలబడిపోయింది. అన్నాళ్లూ నోరు విప్పకన్న అమ్మే, "నోరు తెరువు నాన్నా" అంది.

తెరిచాను. పెదవులు ఓ గింజంత ముందుకు సాగాయేమో, సారు దాన్ని చూడనట్టు ఊరుకున్నాడు. కారానికి కళ్లలో నీళ్లొచ్చాయి. కారానికేనని అందరం ఒప్పుకున్నాం.

ఆసుపత్రిలో మత్తిచ్చి వంచే పని తప్పింది. తర్వాత వారంలో బాలమ్మ సారు ఇంటి తట్ట నిండా ఇసక పోసి నెత్తికెత్తుకుని చూపించి, పనిలోకి పోయింది. మళ్లీ కనపడలేదు. ఈ చుట్టుపక్కల పాత మేడ ఏది చూసినా ఇది ఆమె ఎత్తిన ఇసకేనేమో అనిపిస్తుంది. సారు పెంకుటిల్లు పోయి అయిదంతస్తులు లేచాయి. గిలక లేదు, ఇసక సంచులు లేవు, గోడకానించి తల పట్టుకునే ఆ చెయ్యి లేదు. ఇప్పుడు హిమాయత్‌నగర్ క్లినిక్‌లో మైనం స్విచ్చి వేస్తే కరిగే స్టీలు పెట్టెలో ఉంటుంది. నా చెయ్యి ఇప్పటికీ పూర్తిగా చాపుకోదు. దానం చెయ్యమని ఎవరైనా అడిగితే ఆ కారణమే చెప్తాను.

అత్తయ్య పోయాక మామయ్య మా దగ్గరే ఉంటున్నాడు. పోయిన నెల బాత్రూములో జారి కుడి భుజం విరగ్గొట్టుకున్నాడు. చెయ్యి మెడకు కట్టిన గుడ్డలో ఉంది. ఆ పొద్దున నూనె గిన్నె ఎడంచేత్తో తనే కాచుకుంటుంటే లాక్కుని సింకులో పోసేశాను. అలిగాడు. మధ్యాహ్నం భోజనానికి కూర్చోబెట్టి, వేడన్నంలో కొత్తావకాయ కలిపి, ముద్ద చేసి ఎత్తాను. మామయ్య నోరు తెరిచాడు.

ముద్దని ఇంచుమించు జానెడు దూరంలో ఆపాను.

ఆయన మెడ చాచాడు. నా ఎడంచెయ్యి ఆయన నుదుటి మీద పెట్టి తల మెల్లగా కుర్చీకి ఆనించాను. డెబ్బై తొమ్మిదేళ్ల కళ్లు ముద్దని చూశాయి, నన్ను చూశాయి, మధ్యలో ఉన్న గాలిని చూశాయి.

"ఇంకో వేలు వెనక్కి జరుపు," అన్నాడు. "అప్పుడు పదకొండు."

జరిపాను. కాసేపు అలాగే ఉంచి, తినిపించాను.