లెవి అంకుల్, ముగ్గురు గ్రెగరీలు

లెవి అంకుల్‌కి ఎవరింట్లో ఏం జరిగినా నాలుగో శతాబ్దపు బిషప్పులు గుర్తుకొస్తారు. గుర్తుకొస్తే ఊరుకోరు, కాగితం తీసి ఉత్తరం రాస్తారు. తెనాలిలో ముప్ఫై ఏళ్లు చరిత్ర పాఠాలు చెప్పి రిటైరై, 2008లో సముద్రాలు దాటి శాన్ రామన్‌లో ఉన్న కూతురు జెనిఫర్ దగ్గరికి వచ్చారు. అదే ఇంట్లో మేడమీద ఉండే అల్లుడికి కూడా స్టాంపు అంటించి పోస్టులోనే ఉత్తరం పంపేవారు. "దేవునియందు మిక్కిలి ప్రియుడును పూజ్యుడునైన అల్లుడు గారికి" అని మొదలయ్యే రెండు పేజీల ఉత్తరం సారాంశం: గ్యారేజీ తలుపు కిర్రుమంటోంది.

మా తెలుగు చర్చిలో ఆయన కథలు విననివాళ్లు లేరు, అర్థమైనవాళ్లూ లేరు.

"బాసిల్ అని గొప్ప బిషప్పు, లూసీ! ఆయన తమ్ముడు గ్రెగరీ, బిషప్పు. స్నేహితుడు గ్రెగరీ, బిషప్పు. బాబాయి గ్రెగరీ, ఆయనా బిషప్పే."

"ఇంకో పేరే దొరకలేదా అంకుల్ వాళ్లకి?"

"ఎందుకు దొరకలేదూ? ఇంకో తమ్ముడు పీటర్."

"హమ్మయ్య!"

"ఆయనా బిషప్పే."

ఆఫీసువాళ్లు ఫ్రెస్నోకి మారమన్నారని మా చర్చిలోనే ఉండే జగన్మోహన్ దిగులుపడుతుంటే మూడో రోజుకల్లా ఉత్తరం వచ్చింది. బాసిల్ తన స్నేహితుణ్ణి దుమ్ము తప్ప మరేమీ లేని ఊరికి బిషప్పుగా వేశాడట. ఆ స్నేహితుడు జీవితాంతం దెప్పుతూనే ఉన్నాడట. "కనుక ధైర్యముగా ఉండుము" అని ముగించారు.

"ఇందులో ధైర్యం ఎక్కడుందండీ?" అని జగన్మోహన్ నన్నడిగాడు.

నా గొడవ వేరు. దేశానికి అవతలి కొసన ఐసెలిన్‌లో మా అన్నయ్య జోసఫ్ కొత్తింటి ప్రార్థనలో నేను పాట మూడో చరణంలో ఉండగా మైక్ ఆపేశాడు. "చాల్లేవే, బిర్యానీ చల్లారిపోతోంది" అన్నాడు, అందరి ముందూ. రెండేళ్లు మాటల్లేవు. అమ్మ ఫోన్‌లో ఎంత బతిమాలినా ఇద్దరం దిగిరాలేదు. ఈ సంగతంతా ఓ ఆదివారం కార్‌లో లెవి అంకుల్‌కి చెప్పి ఏడ్చాను. ఆశ్చర్యం, ఒక్క గ్రెగరీ పేరు కూడా ఎత్తలేదాయన.

పది రోజులకి అన్నయ్య నుంచి ఉత్తరం వచ్చింది. "చెల్లీ, తప్పు నాదే. నీ పాట వినక ఇల్లు బోసిపోయింది." పై వరస వదిలేసి అదొక్కటే చదివి భోరుమన్నాను. వెంటనే ఫోన్ చేశాను.

"అన్నయ్యా, లెటర్ అందింది. నేనూ సారీ!"



"ఏం లెటరే?"

నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. చదివి వినిపించాను. "దేవునియందు మిక్కిలి ప్రియురాలును..." అని మొదలుపెట్టగానే అన్నయ్య పగలబడి నవ్వాడు.

"నాకు తెలుగులో సంతకమే సరిగా రాదే! కానీ లూసీ... రాసినవాడెవడో గానీ, నేను రాయాల్సిందే రాశాడు."

గంటన్నర మాట్లాడుకున్నాం.

మర్నాడు ఉత్తరం పట్టుకుని లెవి అంకుల్‌ని నిలదీశాను. ఆయన ఏమాత్రం బెదరలేదు.

"తమ్ముడు గ్రెగరీ ఇదే చేశాడమ్మా. బాసిల్‌కీ బాబాయికీ చెడితే, బాబాయి రాసినట్టు తనే ఉత్తరాలు రాసి అన్నకిచ్చాడు. 'నేను రాయలేదే!' అన్నాడు బాబాయి. బాసిల్ సిగ్గుతో చచ్చిపోయాడు."

"దొరికిపోతారని తెలిసే రాశారా?"

"నేను దొరకాలంటే మీరిద్దరూ మాట్లాడుకోవాలి కదమ్మా!"

ఆయనకి కాఫీ కలిపిచ్చాను.

వేసవిలో అన్నయ్య వచ్చాడు. లెవి అంకుల్ ఎదురుపడగానే నేను కంగారుపడ్డాను, ఏమంటాడోనని. అన్నయ్య ఆయన్ని పక్కకి తీసుకెళ్లి గొంతు తగ్గించాడు.

"అంకుల్, మా బావమరిదితో అయిదేళ్లుగా మాటల్లేవండీ. ఓ ఉత్తరం రాసిపెడతారా? ఈసారి సంతకం నేనే పెడతాను."