మా మామ తొందరపడి చెప్పిన శుభవార్త

మా మామ రాజనర్సు కడుపులో మాట దాగదు. బతుకంతా మగ్గం గుంటలో కూర్చుని చీరలు నేసిన మనిషి. కాళ్లు తొక్కుతున్నంతసేపూ నోరు కూడా నడిచేదట. సిద్దిపేటలో మా గల్లీలో ఏ సంగతైనా జరగకముందే ఈయన నోట వినాల్సిందే. నా పెళ్లి సంగతీ అంతే. మా నాయిన ఇంకా ఒప్పుకోకముందే కల్లు దుకాణంలో కూర్చుని సంబంధం కుదిరిందని చెప్పేశాడు. ఆ మాట తిరిగి తిరిగి మా ఇంటికి చేరేసరికి మా నాయిన కాదనలేకపోయాడు. అట్లా నేనీ ఇంటి కోడలినయ్యాను.

పోయిన ఎండాకాలం నా బిడ్డ శ్రీజకు జ్వరం పట్టుకుంది. మూడేళ్ల పిల్ల. ఒళ్లంతా దద్దుర్లు, కళ్లు ఎర్రగా, పెదాలు పగిలి నెత్తురు. మా ఆయన అరుణ్‌కుమార్ భివండీలో మరమగ్గాల మీద ఉన్నాడు. మా అత్త పోశమ్మ "అమ్మవారు పోసింది" అని గుమ్మానికి వేపమండలు కట్టింది. మామ ఆ కబురు గల్లీ అంతా చేరవేశాడు. మండలు ఎండిపోయాయి గానీ జ్వరం దిగలేదు. ఇక ఎవరి మాటా వినకుండా పిల్లను చంకనేసుకుని ఆటో ఎక్కాను. మామ కూడా ఎక్కాడు. ఆయన ఊరుకుంటాడా!

పిల్లల దవాఖానలో డాక్టర్ శైలజ శ్రీజ నాలుక చూసింది, వాచిన అరచేతులు చూసింది, మెడ పక్కన ఉబ్బిన బిళ్ల తడిమింది. "కవాసాకి అనే జబ్బు లెక్కుంది" అంది.

"గది బండి పేరు గద మేడం?" అన్నాడు మామ.

ఆమె నవ్వలేదు. "ఒంట్ల వాపు పుట్టించే జబ్బు తాతా. వదిలేస్తే గుండె రక్తనాళాలు ఉబ్బుతయి. ముందుగల్ల గుండెకు స్కానింగ్ చేద్దాం."

చేశారు. "నార్మల్" అన్నారు. ఆ ఒక్క మాట చాలు మా మామకు! నేను పిల్లకు గౌను తొడిగేలోపు వరండాలో ఆయన ఫోను మోగిపోతోంది. "ఏం లేదురా, గుండె పక్కాగుంది!" అని కొడుక్కి చెప్పాడు, తన బావ సిద్ధయ్యకు చెప్పాడు. కొమురవెల్లి మల్లన్నకు రంగుల ముగ్గుతో పట్నం వేయించే మొక్కు తీరుస్తానని ఒగ్గు పూజారికి కూడా చెప్పి, ఆదివారం చుట్టాలందరినీ రమ్మన్నాడు. వాచ్‌మన్‌కు జిలేబీ పెట్టాడు.

అంతలో డాక్టరమ్మ వచ్చి, మందు ఈ రోజే ఎక్కించాలంది.

"నార్మల్ అన్నరు గద! ఇంక మందు దేనికి?"

"ఇప్పటికైతే నాళాలు ఉబ్బలేదు, అంతే తాతా. జబ్బు లేదని కాదు. మొదట్ల శానమంది పిల్లలకు స్కానింగ్ మంచిగనే వస్తది. ఉబ్బకముందే మందు పడాలె. మళ్ల మళ్ల స్కానింగ్ చేసి చూసుకోవాలె."

మామకు అర్థం కాక కాదు, చెప్పిన మాట వెనక్కి తీసుకోవడం చేతకాక. "మిషన్ అబద్ధం చెప్తదా? ఇంటికి పోదాం పా బిడ్డా. అందరికి చెప్పిన. నా ఇజ్జత్ ఏం గావాలె?" అని నా చేతిలోని సంచి లాక్కున్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ ఇంట్లో ఏనాడూ గొంతు పెంచలేదని నేననను. కానీ ఆ రోజు వార్డంతా విన్నది.

"మీ ఇజ్జత్ మీ దగ్గర్నే పెట్టుకోన్రి మామా! రేపు నా బిడ్డ గుండెకు ఏమన్న అయితే, గది గూడ మీరే పోయి అందరికి చెప్తరా?"

మామ సంచి కింద పెట్టి బెంచీ మీద కూలబడ్డాడు. అప్పుడే ఫోను మోగింది. సిద్ధయ్య బావ. ఆదివారానికి ట్రాలీ ఆటో మాట్లాడాడట.

"వద్దు బావా," అన్నాడు మామ. "నేనే తొందరపడి చెప్పిన. పిల్లకింకా నయం కాలేదు."

అవతలి నుంచి సిద్ధయ్య గొంతు నాకూ వినిపించింది. "ఎవరు మాట్లాడేది? జర రాజనర్సుకు ఫోనియ్యి."

ఆ సాయంత్రం సూది గుచ్చి సీసా పెట్టారు. తెల్లారేసరికి పిల్ల ఒళ్లు చల్లబడింది. అయినా రెండు వారాలకు చేసిన స్కానింగ్‌లో ఒక రక్తనాళం కొద్దిగా ఉబ్బి కనిపించింది. నా ప్రాణం పోయినంత పనైంది. మందు పడింది కాబట్టి ఇంతటితో ఆగిందనీ, తగ్గుతుందనీ డాక్టరమ్మ ధైర్యం చెప్పింది. ఆ రోజు మామ ఇంటికి వచ్చేదాకా పిల్లను ఒళ్లోంచి దింపలేదు.

ఆ తర్వాతి స్కానింగ్‌లో వాపు పూర్తిగా పోయింది. "నార్మల్" అంది డాక్టరమ్మ.

మామ కదల్లేదు. "ఈసారి నమ్మొచ్చునా మేడం?" అని మెల్లగా అడిగాడు.

"నమ్మొచ్చు తాతా."

ఆయన ఫోను తీయలేదు. వంగి శ్రీజ ఛాతీకి చెవి ఆనించాడు. మీసం గుచ్చుకుని పిల్ల కిలకిలా నవ్వుతూ తల నెట్టేస్తున్నా లేవలేదు.

"కొట్టుకుంటుంది బిడ్డా," అన్నాడు, కండ్లనిండా నీళ్లతో, నా ఒక్కదానికే వినబడేట్టు.