మట్టిలో పెట్టిన నాటకం

పోయిన నెల ఒక గురువారం నా భార్య చనిపోయింది. ఆ రోజు ఆరింటికి లేచింది. పెరట్లో మల్లెపాదుకు నీళ్లు పోసింది. ఉప్మా చేసింది, తను కొంచెమే తిన్నది. తొమ్మిదింటికి గోధుమరంగు అట్ట ఉన్న తన పొడుగు నోట్‌బుక్కు తెచ్చుకుని నా ఎదుట కూర్చుంది.

"ఏమండీ, ఒక్కసారి నాటకం మాటలు అందిస్తారా?" అంది.

"పేపరు చదవనీ," అన్నాను.

సరేనని లోపలికి వెళ్లింది. పది దాటాక గుండె పట్టేసినట్టుందని పిలిచింది. ఆటోలో ఆసుపత్రికి పది నిమిషాలు. దారిలోనే నా భుజం మీద తల వాల్చింది. డాక్టరు చూసి, ఇక ఏమీ లేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

ఈ పత్రిక చదివేవాళ్లలో కొందరు ఆత్మకూరు కాలేజీలో ఆమె దగ్గర ఇంగ్లీషు చదువుకున్నవాళ్లే. నాలుగు వందల ఏళ్ల నాటి ఇంగ్లీషు నాటకాలు మీకు పాఠంగా ఉండేవి. మీరు గైడు చదివి పాసయ్యారు. అది ఆమెకు తెలుసు. కోపం లేదు. "అవి చదువుకోవడానికి రాసినవి కావండీ, ఎండలో నిలబడి అరవడానికి రాసినవి," అనేది నాతో.

రిటైరయ్యాక వాటిలో ఒక విషాద నాటకాన్ని తెలుగు చేసింది. రెండేళ్లు పట్టింది. ఆడేవాళ్లను ఉదయగిరి, చేజర్ల, సంగం తిరిగి పోగుచేసింది. మొత్తం పదకొండు మంది. రాజు వేషం ఉదయగిరిలో చెక్క చెంచాలు చెక్కే భాయ్‌ది. వార్తాహరుడు సంగంలో ఆటో తోలే అతను. రాణి దగ్గర ఉండే ముసలి దాసి వేషం ఆమెదే.

ఆ నాటకాలు కొత్తగా ఉన్న రోజుల్లో నటుడికి నాటకం మొత్తం ఇచ్చేవాళ్లు కారట. ఎవరి మాటలు వాళ్లకే ఒక చీటీ మీద రాసి, ముందు మాట్లాడేవాడి చివరి రెండు మూడు మాటలు మాత్రం కలిపి ఇచ్చేవాళ్లట. ఆమె కూడా అట్లాగే ఇచ్చింది. "అంతా ముందే తెలిస్తే ఎదుటివాడి మాట వినరండీ. తెలియకపోతే చెవులప్పగించి వింటారు," అంది. పూర్తి నాటకం ఆ నోట్‌బుక్కులో ఒక్కచోటే ఉండేది. జిరాక్స్ తీయించమంటే నవ్వేది. "అప్పట్లోనూ పూర్తి ప్రతి నాటక కంపెనీ దాటి బయటికి పోనిచ్చేవాళ్లు కారు. మనది నెల్లూరోళ్లు ఎత్తుకుపోతే?"

ప్రతి ఆదివారం చర్చి అయ్యాక ఇద్దరం ఉదయగిరి బస్సెక్కేవాళ్లం. భాయ్ పని చేసుకునే రేకుల పంచలో, చెక్కపొట్టు మధ్య రిహార్సలు. నేను నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి, నాటకం నాకు పట్టదు. ఒక మూల కూర్చుని కొండ వైపు చూసేవాణ్ణి.

భాయ్ చెక్కతో కిరీటం చేశాడు. అంచంతా తీగలు. పెట్టుకుంటే మెడ వంగిపోయింది.

"మేడం, ఇది పెట్టుకోని నేను రాజ్యం ఏలను. కూలి కింద ఇంకో మెడ ఇప్పించండి."

"అదే కావాలి భాయ్. బరువని నోటితో చెప్పే పని తప్పింది."

నాటకంలో ఒకచోట రాజు మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడి, "ఎంత చీకటి" అనాలి. ఆటో అతను నవ్వు ఆపుకోలేకపోయాడు. "ఈ ఎండలో చీకటేంది మేడం? జనం రాళ్లేస్తారు."

"నువ్వు నమ్మి చూడు నాయనా, వాళ్లకీ కనిపిస్తుంది," అంది. భాయ్‌తో ఇంకోసారి చెప్పించింది. ఆ సారి ఆటో అతను నవ్వలేదు.

శవపేటిక మూసేముందు ఆమె చెల్లెలు బైబిలు తెచ్చి చేతుల్లో పెట్టబోయింది. నేను వద్దన్నాను. బైబిలు ఇంట్లో ఉండాలనిపించింది. లోపలికి వెళ్లి నోట్‌బుక్కు తెచ్చి, నేనే ఆమె చేతుల కింద పెట్టాను. దాన్నీ ఆమెనీ విడదీయడం న్యాయం కాదనుకున్నాను. ఎవరూ అడ్డు చెప్పలేదు. నాటకం వాళ్లు స్మశానం దగ్గరికే వచ్చారు, అప్పటికి మూత వేసేశారు.

వారం తర్వాత భాయ్, ఆటో అతను ఇంటికి వచ్చారు. ఆమె లేకపోయినా వచ్చే నెల కొండ కింద నాటకం ఆడతామన్నారు.

"ఆ పుస్తకం ఒకసారి ఇస్తే సార్," అన్నాడు భాయ్. "చివరి అంకం చీటీలు ఇంకా కొందరికి రాలేదు. రాసుకోని తెచ్చిస్తాం."

చెప్పాను.

ఆటో అతను లేచి నిలబడ్డాడు. "ఏంది సార్, ఇట్ట చేసినారు? మా అందరి దగ్గరా ముక్కలే ఉండాయి. మొత్తం దాంట్లోనే ఉండాది గదా!" మళ్లీ అతనే, "పోనీ, తవ్వి..." అన్నాడు.

"నోరు ముయ్‌రా," అన్నాడు భాయ్. తర్వాత నా వైపు చూడలేదు. టీ తాగకుండానే వెళ్లారు.

తవ్వించను. కానీ ఆ మాట నేనూ అనుకున్నాను. నాలుగు రోజులు అనుకున్నాను.

ఆ నాటకాలు రాసినవాళ్లలో ఒకాయన పోయాక, తోటి నటులే అన్నీ పోగుచేసి అచ్చు వేయించారని ఒకసారి భోజనం దగ్గర చెప్పింది. వాళ్లు ఆ పని చేయకపోతే సగం మనదాకా వచ్చేవే కావంది. నేను పులుసులో ఉప్పు గురించి ఏదో అన్నాను.

చీటీలన్నీ తెచ్చి, ఒకరి చివరి మాటను ఇంకొకరి దానితో కలుపుకుంటూ పోతే నాటకం చాలావరకు తిరిగి వస్తుంది. చీటీలు అందనివాళ్ల మాటలు మాత్రం, రిహార్సల్లో ఆమె చదవగా విన్నవాళ్లు చెప్పగలిగినంతే. రానిది ఆమె వేషం. తనకు తాను చీటీ రాసుకోలేదు. నాకు రాసిచ్చింది, అందించడానికి. అది నా దగ్గరుంది. ఆమెకు ముందు మాట్లాడేవాళ్ల చివరి మాటలు, ఇరవై మూడు చోట్ల. ఒకటి చదివేవాణ్ణి. ఆమె తన మాట చెప్పేది. ఆమె చెబుతున్నంతసేపూ నేను చీటీలో తర్వాతి మాట మీద వేలు పెట్టుకుని, ఎప్పుడు ముగిస్తుందా అని చూసేవాణ్ణి. అట్లా రెండు నెలలు. ఇరవై మూడింట్లో నాకు ఒక్కటే గుర్తుంది. రాజు "తలుపు తెరవండి" అంటాడు. దాసి అంటుంది: "తెరిచే ఉంది ప్రభూ, మీరు ఇటు చూడలేదు."

ఇది చదివేవాళ్లలో ఆ రేకుల పంచ దగ్గర నిలబడి ఆమె మాటలు విన్నవాళ్లుంటే, గుర్తున్నది భాయ్‌కి చెప్పండి. తప్పుగా గుర్తున్నా సరే.

రేపు పొద్దున మొదటి బస్సుకు ఉదయగిరి వెళ్తాను. ఒక తెల్లకాగితాల నోట్‌బుక్కు కొని పెట్టుకున్నాను. భాయ్‌ని కూర్చోబెట్టి రాజు మాటలన్నీ మొదటి నుంచి చెప్పించుకుని రాసుకుంటాను. ఆమె మాట్లాడే ప్రతిచోటా పది వరసలు ఖాళీ వదులుతాను. అతను చెబుతున్నంతసేపూ నా చీటీ జేబులోనే ఉంటుంది.