రెండువందల పదహారు గుండీలు

ఆ రోజుల్లో నా వయసు యాభై ఆరు, నా ఉద్యోగం వయసు ఆరు వారాలు. అందరూ చిన్నప్పటి అల్లరి గురించి రాసుకుంటారు. నాకు చిన్నప్పుడు అల్లరి చేసే తీరిక దొరకలేదు. ఐదో తరగతితో బడి మాన్పించి, చీరాలలో మా అమ్మ కుట్టుమిషను పక్కన కూర్చోబెట్టారు. అందుకని ఆ అల్లరేదో ఆస్ట్రేలియా వచ్చి, అమ్మమ్మనయ్యాక, జీవితంలో మొట్టమొదటి ఉద్యోగంలో చేశాను. (ఆలస్యమైందే గానీ, తక్కువేమీ చేయలేదు.)

మనవరాలు బడికి వెళ్ళడం మొదలుపెట్టాక స్కోఫీల్డ్స్ అనే పేటలో, మా ఆయనా నేనూ ఉంటున్న మా అమ్మాయి ఇంట్లో, నాకు పనేమీ మిగల్లేదు. ఎవరు ఏ గదిలో లైటు ఆర్పకుండా వచ్చారో కనిపెట్టడం, వేణ్ణీళ్ళ కింద ఎవరు ఎక్కువసేపు నిలబడ్డారో తలుపు కొట్టి చెప్పడం, ఈ రెండే నా పనులు. నెల తిరిగేసరికి మా అల్లుడు నాలుగు నిమిషాల్లో స్నానం ముగించడం నేర్చుకున్నాడు గానీ, మనిషి చిక్కిపోయాడు. ఇలా లాభం లేదని మా అమ్మాయి తన స్నేహితురాలిని పట్టుకుంది. గుంటూరు పిల్ల, బట్టల కంపెనీలో లెక్కలు చూసేది. నేను లెక్కలమ్మాయి అనేదాన్ని. ఆ పిల్ల వాళ్ళ గోడౌన్‌లో మాట సాయం చేసి, నాకు పని ఇప్పించింది. కొన్నవాళ్ళు తిరిగి పంపిన బట్టలు చూసి, బాగున్నవి అరల్లో పెట్టాలి. చెడినవాటికి ఏం చెడిందో ఎర్ర చీటీ తగిలించి, ఎర్ర పెట్టెలో వేయాలి. చీటీ మీద గుండీ బొమ్మ, జిప్పు బొమ్మ, చిరుగు బొమ్మ ఉంటాయి, టిక్కు పెడితే చాలు. నా చదువుకి తగిన పని.

నేను చేరేనాటికి ఆ కంపెనీ కొత్తగా వేరుపడి ఉంది. అంతకుముందు రంగుడబ్బాలు, మంచాలు, బట్టలు అన్నీ అమ్మే ఒక పెద్ద కంపెనీలో అదొక భాగం. బట్టల వ్యాపారం మటుకు విడదీసి, వేరే పేరు పెట్టి, నీ బతుకు నువ్వు బతుకు అన్నారు. రోజూ నన్ను కారులో తీసుకెళ్ళేటప్పుడు లెక్కలమ్మాయి తన గోడంతా చెప్పేది.

"ఇంతకుముందు అద్దె, కరెంటు, కంప్యూటర్లు అన్నీ పేరెంట్ కంపెనీయే చూసుకునేది ఆంటీ. ఇప్పుడు మా ఫస్ట్ రిపోర్ట్ మేమే ఇవ్వాలి. పోయిన మూడేళ్ళూ విడిగానే ఉండుంటే మాకు ఎంత ఖర్చయ్యేదో కూడా చూపించాలి."

"కలిసున్నప్పుడు ఎవరెంత తిన్నారో ఇప్పుడెట్టా చెప్తావే?"

"అదే కదా ఆంటీ నా జాబ్!"

నాకు ఆ పిల్ల మీద జాలేసింది. నేను, మా తోడికోడలు వేరుపడ్డప్పుడు అట్లకాడ ఎవరిదన్న దగ్గరే రెండు రోజులు పట్టింది. ఇక్కడా అంతే. పంపకాల జాబితాలో కెటిల్ పెద్ద కంపెనీ వాటాకి వెళ్ళింది, మైక్రోవేవ్ మాకు వచ్చింది. కొత్త కెటిల్ కొనేదాకా వారం రోజులు గోడౌన్‌లో అందరూ టీ నీళ్ళు మైక్రోవేవ్‌లో కాచుకున్నారు. (నేను ఇంటినుంచి ఫ్లాస్కు తెచ్చుకున్నాను. ఎవరికీ పోయలేదు.)

ఇక ఎర్ర పెట్టెల సంగతి. విడిపోయిన రోజు వరకూ చెడిపోయిన బట్టల నష్టం పెద్ద కంపెనీ భరించాలని ఒప్పందమట. అలాంటి పెట్టెలు పదకొండు గోడవారగా పేర్చి ఉండేవి. నేను చేరాక వాటికి చీటీలు సరిచూసే పని కూడా నాకే అప్పజెప్పారు. మొదటి పెట్టె తెరిచి చూద్దును కదా, నా ప్రాణం ఉసూరుమంది. శుభ్రమైన నూలు చొక్కా, కొత్త వాసన కూడా పోలేదు, ఒక్క గుండీ ఊడింది, అంతే! పైగా చొక్కా లోపల, అడుగు కుట్టు దగ్గర, అదనపు గుండీ ఒకటి కంపెనీవాడే కుట్టిపెట్టాడు. వైద్యం ఒంటిమీదే ఉంచుకుని చచ్చిపోయిన చొక్కా అది. మా మీద పెత్తనం చేసే ఆవిడ ఉండేది, ఎప్పుడూ ఈల వేస్తూ తిరిగేది కనుక ఈలమ్మ అనేదాన్ని. ఆవిడకు చొక్కా చూపించి, సూదితో కుడుతున్నట్టు చెయ్యి ఆడించాను. ఆవిడ నవ్వి, ఎర్ర పెట్టె వైపు వేలు చూపించి, "రబ్బిష్, డార్లింగ్!" అని ఈల వేసుకుంటూ వెళ్ళిపోయింది.

చెప్పింది నాకు అర్థం కాలేదని ఇవాళ బుకాయించను. శుభ్రంగా అర్థమైంది. వినబుద్ధి కాలేదు. మర్నాడు డబ్బాలో పెరుగన్నం, దాని పక్కన సూదీ దారం పెట్టుకుని వెళ్ళాను. అర్ధగంట భోజనం సెలవులో పది నిమిషాలు అన్నానికి, ఇరవై నిమిషాలు గుండీలకి. పూటకి తొమ్మిది చొక్కాలు. కుట్టి, ఎర్ర చీటీ తీసేసి, చక్కగా మడతపెట్టి మంచి అరల్లో చేర్చేదాన్ని. ఎవరికీ చెప్పలేదు. మంచి పని చేస్తూ దండోరా వేసుకోవడం నాకు గిట్టదు. ఒక్క రవిక కూడా ఇంటికి తీసుకుపోలేదు, జీతం ఎక్కువ అడగలేదు, దారం నాది. కంపెనీ పచ్చగా ఉండటానికి నావంతు చేస్తున్నాననుకుని, లెక్కలమ్మాయికి కుదరక బస్సులో వచ్చే రోజున కూడా తల ఎత్తుకుని కూర్చునేదాన్ని.

ఆరో వారంలో ఆడిటరు వచ్చాడు. ఎంత పొడుగంటే, పై అరల్లో బట్టలు నిచ్చెన లేకుండా లెక్కపెట్టగలడు. వెనకాలే లెక్కలమ్మాయి, చేతిలో కాగితాలు. ఎర్ర పెట్టెలు ఒక్కొక్కటే తెరుస్తున్నారు. మొదటిది సగం ఖాళీ. రెండోది ముప్పావు ఖాళీ. మూడోదాంట్లో అడుగున ఒక చిరిగిన ప్యాంటు ఉంది. అది నా వల్ల కాలేదు. లెక్కలమ్మాయి మొహం తెల్లగా పాలిపోయింది. నా దగ్గరికి పరుగున వచ్చింది.

"ఆంటీ, రెడ్ క్రేట్స్‌లో బట్టలు ఎవరైనా తీసుకెళ్ళారా? మీరేమైనా చూశారా?"

"ఏమయిందే?"

"ఇంత డ్యామేజ్ ఉందని నేను సైన్ చేసి పేరెంట్ కంపెనీకి పంపించాను ఆంటీ. ఇప్పుడు చూస్తే స్టాక్ లేదు. లేని నష్టం చూపించి డబ్బు అడిగామంటారు. ఫ్రైడే మా రిపోర్ట్ బయటికెళ్ళాలి. ఫస్ట్ రిపోర్ట్‌లోనే ఒక అంకె అబద్ధమని తేలితే మిగతావి ఎవరు నమ్ముతారు? నన్నెవరు నమ్ముతారు?"

ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. నా చేతిలో అప్పుడే కుట్టిన తొమ్మిదో చొక్కా ఉంది. నిజం చెప్పొద్దూ, దాన్ని బల్లకింద పెట్టేద్దామా అని ఒక్క క్షణం అనిపించింది. దొంగతనమంటే ఉన్నది పోవాలి. ఇక్కడ నేను చెడ్డదాన్ని మంచి చేశాను, దీన్నేమంటారో నాకు తెలియదు. పైగా ముప్పై ఆరేళ్ళ కాపురంలో నేను 'తప్పు నాది' అన్న మాట ఒక్కసారీ అని ఎరగను. అన్నం మాడితే పొయ్యిది తప్పు, పాలు పొంగితే పాలది తప్పు. కానీ నన్ను పనిలో పెట్టించింది ఈ పిల్లే, రోజూ కారులో తీసుకొచ్చేదీ ఈ పిల్లే. నేను నోరు మూసుకుంటే దొంగ అనిపించుకునేదీ ఈ పిల్లే.

"ఏడవబాకమ్మాయ్. అది నేనే," అన్నాను.

"మీరేంటి ఆంటీ?"

"ఆ బట్టలు. బాగుచేసి అరల్లో పెట్టాను. తప్పు నాదే."

ఈలమ్మ ఈల ఆగిపోయింది. లెక్కలమ్మాయి విషయమంతా ఆడిటరుకి ఇంగ్లీషులో చెప్పేసరికి, ఆయన తన పొడుగంతా వంచి నా ముందు కూర్చుని, ఎన్ని బట్టలో చెప్పగలరా అని అడిగించాడు.

"రోజుకి తొమ్మిది. ఐదు రోజుల లెక్కన ఐదు వారాలు, అందులో ఒకరోజు జ్వరమొచ్చి రాలేదు. ఇరవై నాలుగు తొమ్మిదులు రెండువందల పదహారు. ఇవాళ్టివి ఇంకా అరల్లో పెట్టలేదు, ఇవిగో," అన్నాను.

ఆయన ఫోనులో లెక్క వేసుకుని, తల ఊపి, లెక్కలమ్మాయితో ఏదో అన్నాడు. ఆ గోడౌన్‌లో ఆ రోజు అడిగీ అడగ్గానే దొరికిన లెక్క ఇదొక్కటేనన్నాడట. కానీ నోటి మాట ఆడిటుకి పనికిరాదు, కంటికి కనబడాలి. వేలకొద్దీ చొక్కాల్లో నావి ఏవో ఎలా పోల్చడం? అప్పుడు నా పిసినారితనం ఆదుకుంది. పాత రవికకని కొన్న చిలకపచ్చ దారం ఉండ ఇంట్లో సగం మిగిలిపోతే, పారేయడం ఎందుకని అన్ని గుండీలకూ అదే వాడాను. తెల్ల చొక్కాకీ, నీలం చొక్కాకీ, నల్ల చొక్కాకీ, దేనికైనా చిలకపచ్చే. పైకి కనబడకుండా కుట్టానులెండి, లోపల తిప్పి చూస్తే తెలుస్తుంది.

ఇక చూడాలి ఆ సంబరం! పెద్ద చదువులు చదివిన ఆడిటరు, లెక్కలమ్మాయి, ఈలమ్మ, ఫోర్క్‌లిఫ్ట్ నడిపే ఇద్దరు, అందరూ చొక్కాలు తిరగేసి చిలకపచ్చ దారం వెతకడమే. దొరికినప్పుడల్లా ఎవరో ఒకరు "గ్రీన్!" అని కేక పెట్టడం, ఈలమ్మ ఈల వేసి గీత గీయడం. మధ్యాహ్నం టీకి ఇచ్చే అర్ధగంటలో కూడా ఎవరూ కదల్లేదు. సాయంత్రానికి, నా బల్లమీదవి కాక, రెండువందల మూడు దొరికాయి. మిగతా పదమూడూ అమ్ముడైపోయినట్టు కంప్యూటరే చెప్పింది. (ఒక్కటి కూడా తిరిగి రాలేదని గమనించమని ఈలమ్మకు రెండుసార్లు చెప్పాను.)

"పోనీ, మీ కాగితాల్లో ఉన్నట్టే ఉండాలంటే ఇప్పుడే పీకేస్తాను," అని కత్తెర తీసుకుని ఒక గుండీ కింద పెట్టాను. చెయ్యి రాలేదు. ఆడిటరు నవ్వి కత్తెర పక్కన పెట్టించాడు. లెక్కలమ్మాయి రెండు రోజులు కూర్చుని నష్టం అంకె తగ్గించి రాసింది, పెద్ద కంపెనీకి తానే ఫోను చేసి అడిగిన డబ్బు తగ్గించుకుంది. మావాళ్ళు తమంతట తామే తగ్గించుకోవడం చూసి పెద్ద కంపెనీవాళ్ళు మిగతా లెక్కల మీద కొర్రీలు వేయడం మానేశారట. శుక్రవారం రిపోర్టు బయటికి వెళ్ళింది. ఆ సాయంత్రం కారులో లెక్కలమ్మాయి అందులో ఒక వాక్యం నాకు తెలుగులో చదివి చెప్పింది: చెడినవిగా చూపిన బట్టల్లో కొన్ని తర్వాత బాగుచేయబడి అమ్మకానికి వచ్చాయి. ఎవరు బాగుచేశారో రాయలేదు. నేను ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివించుకున్నాను.

"తిట్టవటే నన్ను?" అన్నాను.

"తిడదామనే అనుకున్నా ఆంటీ. కానీ మీరు చెప్పకపోయుంటే నా పని అయిపోయేది. ఇంకెప్పుడూ నాకు చెప్పకుండా సూది పట్టుకోకండి, ప్లీజ్."

ఇంటి ముందు దిగాక ఊరుకోకుండా, ఆ పిల్ల మా ఆయనతో కూడా చెప్పేసింది. "అంకుల్, ఆంటీ అందరి ముందూ తప్పు నాదేనని ఒప్పుకున్నారు!"

మా ఆయన చదువుతున్న పేపరు మడిచి, కళ్ళజోడు తీసి, ఆ పిల్లని కూర్చోమన్నాడు. "ఎవరూ? ఈవిడా? ఆడిటరు ఉన్నాడా అప్పుడక్కడ?"

"ఉన్నాడు అంకుల్."

"సంతకం పెట్టాడా?"

నేను వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు చప్పుడు చేశాను. ఆ తర్వాత నెల్లాళ్ళు మా ఇంటికి ఎవరొచ్చినా ఆయనది ఇదే కథ. కూరలో ఉప్పెక్కువైతే చాలు, ఆడిటరుకి ఫోను చేయమంటారా అని అడిగేవాడు.

ఉద్యోగం పోలేదు. బాగుచేసే బల్ల అని ఒకటి పెట్టి నన్నే కూర్చోబెట్టారు. కాకపోతే ఒక్కో గుండీకి పుస్తకంలో తారీఖు, చొక్కా నంబరు, నా పొడి సంతకం. ఏ రంగు చొక్కాకి ఆ రంగు దారం కంపెనీవాళ్ళే కొనిచ్చారు. (అంత దుబారా నేను ఎక్కడా చూడలేదు.) అయిదేళ్ళు చేసి, కళ్ళు మసకబారాక మానేశాను.

ఇప్పుడు అవన్నీ తలచుకుంటే, పెరుగన్నం డబ్బా పక్కన పెట్టుకుని, లోకంలో తనకొక్కదానికే బుద్ధి ఉన్నట్టు మూతి బిగించి గుండీలు కుట్టుకుంటున్న ఆ యాభై ఆరేళ్ళ పడుచుపిల్ల కళ్ళముందు మెదులుతుంది. ఎదురుపడితే పక్కన కూర్చుని, "ముందు ఒక మాట అడిగి కుట్టవే" అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినదు. నాకు తెలియదూ!