ఆఖరి స్టేజీలో కాలువ

మా చిన్నప్పుడు... మే నెల మధ్యాహ్నాలు కిటికీలకి తడిపిన గోనెపట్టాలు కట్టేసి, ముందు గదిలో చాప మీద ఇద్దరం టీవీకి అతుక్కుపోయి కూర్చునేవాళ్లం. నేనూ, పక్క వాటాలో ఉండే నజ్మా. మా ముందు వీడియో గేమ్. దాని వైరు పొట్టిది కాబట్టి దూరంగా జరగడానికి లేదు. "కళ్లు పోతాయే!" అని అమ్మ వంటింట్లోంచి అరుస్తూనే ఉండేది...

మా ఇల్లు విజయవాడలో, ఆటోనగర్‌కి దగ్గర్లో. నజ్మా వాళ్ల నాన్నగారికి అక్కడే లారీ స్పేర్ పార్టుల షాపు. మా నాన్నకి ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో డ్యూటీ. అన్నయ్య పదో తరగతి పాసైతే కొంటానని మాటిచ్చి, ఆ గేమ్ కొన్నారు. అంటే లెక్కకి అది అన్నయ్యదే.

దాంతోపాటు వచ్చిన క్యాసెట్‌లో ట్యాంకుల ఆట ఉండేది. ఎంత బాగుండేదో! బటన్ నొక్కితే నొక్కినట్టే పేలేది. ఓడిపోతే ఎక్కడ తప్పు చేశామో తెలిసేది. అన్ని ఆటలూ అలాగే ఉంటాయనుకున్నాం...

ఉంటేగా!

తర్వాత కొన్న క్యాసెట్ మీద హెలికాప్టర్, మంటలు, కండలు తిరిగిన మనిషి బొమ్మ. లోపల చూస్తే ఒక చుక్కని ఇంకో చుక్క తరుముతోంది, అంతే. ఇంకోదాని మీద వందల ఆటలున్నాయని రాశారు. పెట్టి చూస్తే అవే నాలుగైదు, పేర్లు మార్చుకుని మళ్లీ మళ్లీ వచ్చాయి. కార్ల రేసులో కారు రోడ్డు మధ్యలో ఉన్నా ఉత్తినే బోల్తా పడేది. షాపులో అడిగితే, "ఓపెన్ చేశాక రిటర్న్ ఉండదమ్మా" అన్నారు. ఓపెన్ చేయకుండా లోపలేముందో ఎలా తెలుస్తుందండీ?

అన్నిటికన్నా ఏడిపించింది కుందేలు ఆట. ఒక కుందేలు గుట్టలూ ముళ్లకంపలూ గెంతుకుంటూ ఇంటికి చేరాలి. ముందు స్టేజీలన్నీ ముచ్చటగా ఉండేవి. ఆఖరి స్టేజీలో ఒక కాలువ. ఎంత దూకినా అవతలి గట్టు అందేది కాదు, నీళ్లలో పడిపోయేది. మళ్లీ మొదటి నుంచి ఆడుకోవాలి. అక్కడిదాకా వచ్చాక కరెంటు పోయిందా... ఇక అంతే సంగతులు.

అన్నయ్యకి మమ్మల్ని చూస్తే నవ్వు. "ఆడపిల్లలకి ఇవన్నీ ఎందుకే? స్కూళ్లు తెరిచేలోగా ఆ కాలువ దూకండి చూద్దాం. దూకితే ఆదివారాలు గేమ్ మీకే. దూకకపోతే ఇక ముట్టుకోకూడదు" అన్నాడు.

నజ్మాకి పౌరుషం పొడుచుకొచ్చింది. "చూస్తా ఉండు అన్నయ్యా!" అంది.

మా ఇద్దర్లో ఆట బాగా వచ్చింది తనకే. ఆడీ ఆడీ బొటనవేలు కాయ కాచింది. నిలబడి దూకించింది, పరిగెత్తించి దూకించింది. "ఇంకొంచెం అంచుకి రావే!" అని నేను. "ఇంకెక్కడికి రానే, నీళ్లలోకా?" అని తను.

ఒకరోజు చేతిలోని గేమ్ రిమోట్ చాప మీద పెట్టేసి, "నాకు చేతకాదు. నా వల్లే ఓడిపోతున్నాం" అని కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది. ఆ తర్వాత పిలిచినా రాలేదు. గడప దాకా వచ్చి, "నువ్వాడుకో" అనేసి వెనక్కి తిరిగేది.

సెలవులు అయిపోవస్తుండగా అమ్మతో గన్నవరం వెళ్లాను, పెద్దమ్మ ఇంటికి. పెద్దమ్మ కూతురు సుధక్క దగ్గర కూడా అదే కుందేలు ఆట! పక్కన కూర్చుని చూస్తున్నాను. ఆఖరి స్టేజీ వచ్చింది. కాలువ వచ్చింది. దాని మధ్యలో... ఒక దుంగ తేలుతోంది. కుందేలు దాని మీదికి గెంతి, అక్కణ్ణించి అవతలి గట్టెక్కేసింది.

"అక్కా, ఆ దుంగ ఎక్కడిది?"

"ఎక్కడిదేంటే? ఎప్పుడూ ఉండేదే. అది లేకపోతే ఎలా దాటుతారు?"

ఒళ్లు మండిపోయింది నాకు. మాది నకిలీ క్యాసెట్ కదా, కాపీ కొట్టినప్పుడు ఎక్కడో ఆ దుంగ ఎగిరిపోయినట్టుంది. ఎవరూ దాటలేని కాలువని దాటాలని సెలవులన్నీ తగలేశాం!

సుధక్కని బతిమాలి క్యాసెట్ అడిగి తెచ్చాను. బస్సు దిగగానే నజ్మా వాళ్లింటికి పరుగు. వాళ్లమ్మ పక్కన కూర్చుని తను చింతపండులో గింజలు తీస్తోంది. గుక్క తిప్పుకోకుండా దుంగ సంగతి చెప్పాను. తన చేతులు ఆగిపోయాయి.

"అంటే... నేను సరిగ్గానే దూకానా?"

"సరిగ్గానే దూకావే. అక్కడ దారే లేదు."

చేతులైనా కడుక్కోకుండా లేచి వచ్చింది. అన్నయ్యని కూర్చోబెట్టి క్యాసెట్ పెట్టాం. తెరంతా నీలం. తీసి, ఊది, పెట్టాం. నీలం. బనీను గుడ్డతో తుడిచి పెట్టాం. నీలమే! గన్నవరంలో చక్కగా ఆడింది మా మెషీన్‌కి గిట్టలేదు. మా పాత క్యాసెట్ పెడితే మాత్రం ఠక్కున వచ్చింది... దుంగ లేని కాలువతో సహా.

"పందెం పందెమే కదా" అన్నాడు అన్నయ్య.

"అయితే నువ్వు దూకి చూపించు" అంది నజ్మా.

ఆడాడు. చీకటి పడేదాకా పళ్లు నూరుకుంటూ ఆడాడు. చివరికి రిమోట్ విసిరేసి, మా మొహాలు చూడకుండా బయటికి వెళ్లిపోయాడు. ఆ ఆదివారం మేం ట్యాంకుల ఆట పెట్టుకుంటే అడ్డుపడలేదు. కుందేలు ఆట జోలికి మాత్రం నజ్మా మళ్లీ పోలేదు.

ఇప్పుడు మా అమ్మాయి ఫోన్‌లో ఆట బాగోకపోతే ఒక్క స్టారిచ్చి, నాలుగు తిట్లు రాసి, తీసి పారేస్తుంది. అవతలివాళ్లు సారీ చెప్పి బాగుచేసి పంపుతారు. మా క్యాసెట్ల డబ్బాల మీద తయారుచేసినవాడి పేరు కూడా ఉండేది కాదు... ఎవర్ని అడగాలి? అందుకే తప్పు ఆటదే అయినా, చేతకాలేదని మమ్మల్ని మేమే తిట్టుకున్నాం.

మీలో ఎంతమంది అలా తప్పు లేకుండానే ఓడిపోయారో... ఆ కోపమంతా ఇప్పుడైనా ఇక్కడ కక్కేయండి.