పోలమ్మ మాత్ర, నా మాత్ర

"బుగ్గలెర్రగా పండెనేటే సిన్నదానా, గోగుపూలు దూసి రాసినావా..." ఆ తరవాత ఇంకో లైను ఉండేది, ఎంత తలుచుకున్నా రావడం లేదు. చిన్నప్పుడు గోంగూర కోస్తూ పాడేవాళ్లం. అరవై తొమ్మిదేళ్లకి ఆ పాట నా మొహం మీదే నిజమైంది. ఆ ఎరుపు తగ్గించుకోబోయి, నేర్చుకున్న నాలుగక్షరాలూ పోగొట్టుకోబోయాను. ఎలాగో వినండి!

నాకు బుగ్గలూ ముక్కూ ఎర్రగా కందిపోతాయి. వేడి టీ తాగితే మరీను. స్కిన్ డాక్టరమ్మ చూసి "రొజేషియా అమ్మా" అంది. జబ్బుకి కూడా ఎంత ముద్దుపేరో! రోజుకో కాప్స్యూల్ రాసి, "నెమ్మదిగా తగ్గుతుంది, మూడు నెలలు ఓపిక పట్టండి" అంది.

మూడు నెలలు ఎక్కడ! మా కాలనీలో పెద్దవాళ్ల చదువు క్లాసు ఉంది. నేను అ ఆలు దిద్దింది అక్కడే. వచ్చే నెల వార్షికోత్సవానికి స్టేజీ ఎక్కి ఒక పేజీ చదవమన్నారు. పుట్టి బుద్ధెరిగాక మొదటి స్టేజీ, ఈ పండుమిరపకాయ మొహంతోనా?

జాలరిపేట నుంచి చేపలు తెచ్చే పోలమ్మతో ఈ గోడు వెళ్లబోసుకున్నాను. ముప్పై ఏళ్ల స్నేహం మాది, నన్ను అక్కా అన్నట్టు అప్పా అంటుంది. మర్నాడు గిన్నెలో చేపల పులుసు తెచ్చింది, చెంగులోంచి ఓ మాత్రల అట్ట తీసింది.

"మా మనవరాలికి మొటిమలకిచ్చారప్పా. మొకం తోమిన పళ్లెంలాగ అయిపోనాది. మిగిలినవి నువ్వేసుకో."

"మరి డాక్టరమ్మ ఇచ్చినవో?"

"రెండూ ఏసీయ్! రెండింజన్లుంటే బోటు బేగి ఎల్దా ఏటి?"

ఎంత తెలివైన మాట అనిపించింది! ఆ రోజు నుంచే రెండూ మింగడం మొదలెట్టాను. ఇక గిన్నె. మా ఇళ్లల్లో ఒకరిచ్చిన గిన్నె ఖాళీగా తిప్పి పంపం. ఆ రోజు చూస్తే పంచదార కూడా నిండుకుంది. ఏం వెయ్యను? ఎండకి పోలమ్మ బుగ్గలూ ఎర్రగానే ఉంటాయి కదా అని, నా కాప్స్యూల్స్ అట్టలోంచి పది కత్తిరించి గిన్నెలో వేశాను. మురిసిపోయింది.

పది రోజులు తిరిగేసరికి నాకు తల పగిలిపోతోంది. పుస్తకం తెరిస్తే అక్షరాలు మసకమసగ్గా ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి! ముసలితనంలో వచ్చిన చదువు కదా, వచ్చిన దారినే వెళ్లిపోతోందనుకున్నాను. పలక తీసి "అ" దిద్దాను. అది కూడా రెండుగా కనబడింది!

అప్పుడే పోలమ్మ వచ్చింది, మొహం చెంగుతో కప్పుకుని. "అప్పా, ఎండలోకెల్తే సాలు, మొకం బగ్గుమంతంది!"

ఇద్దరం ఆటో ఎక్కి డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తాం. గిన్నె సంగతితో సహా అన్నీ ఒప్పేసుకున్నాను. ఆవిడ తల పట్టుకుంది.

"ఈ రెండు మందులూ కలిపి వేసుకోకూడదమ్మా! తలలో ఒత్తిడి పెరిగి చూపుకే ప్రమాదం. పోలమ్మగారూ, మీరు మింగినదానికి ఎండ పడదు. కలపాల్సినవైతే నేనే కలిపి ఇవ్వనా?"

"మరి నా అక్షరాలో?" అన్నాను ఏడుపు గొంతుతో.

"అవెక్కడికీ పోలేదు. ముందు రెండూ ఆపండి" అని అప్పటికప్పుడు కళ్ల డాక్టరు దగ్గరికి పంపింది.

రెండు వారాల్లో తలనొప్పి పోయింది. అక్షరాలు ఒక్కొక్కటే దిగి తమ తమ చోట్లలో కూర్చున్నాయి. తప్పిపోయిన మేకపిల్లలు ఇంటికొచ్చినంత సంబరం నాకు! ఇప్పుడు మొహానికి పూతమందు ఒక్కటే. ఎరుపు రవ్వంత, రవ్వంత తగ్గుతోంది.

ఆదివారం స్టేజీ ఎక్కాను. బుగ్గలు భగ్గుమన్నాయి. అయినా వేలు పెట్టుకుని పేజీ మొత్తం చదివేశాను! ముందు వరసలో పోలమ్మ చప్పట్లే చప్పట్లు. దిగీ దిగగానే అడిగాను, "మొహం మరీ ఎర్రగా కనబడిందేటే?"

"నీ మొకం ఎవులు సూసారప్పా? ఒకే లైను రెండుసార్లు సదివీసినావు, రెండుసార్లూ సప్పట్లు కొట్టి నా సేతులెర్రగయిపోనాయి!"